యానోష్ అను పేరుగలవారు

బుడాపెస్టు రేడియోలో ప్రతిదినము మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఒక చర్చి గంట మ్రోగును. అది కాలము తెలుపుటకై రేడియో కేంద్రములు వినిపించు యంత్రధ్వని వంటిది కాదు. హంగరీ దేశములోని ఏదో యొక ఊరి గోపురమున వ్రేలాడు నిజమైన గంట. 1920 దశకమున మొదలైన ఈ ప్రసారము నేటికిని సాగుచున్నది. రేడియోలో ఒక్క నిమిషమునకు గల విలువ ఎంతటిదో ఆ పనిలోనున్న మాకు బాగుగ తెలియును. అట్టి నిమిషమును దినదినమును ఒక గంటకు అప్పగించుటకు కారణమేమని విచారింపగా, అయిదు వందల యేండ్లకు పైబడిన ఒక యుద్ధగాథ తెలియవచ్చినది. ఆ గాథలోని నాయకుని పేరు యానోష్. అతని సరసను నిలిచిన సన్న్యాసి పేరును యానోషే. అటనుండి వెదకుచు పోగా, హంగరీ చరిత్రలో ఏ మలుపునకు పోయినను ఆ పేరుగలవాడొకడు ఎదురగుట గమనించితిమి. ఆ పేరు వెంబడి కొంతదూరము నడచినచో ఆ జాతి పడిన పాట్లును, సాధించిన ఘనతయు మనకు కానవచ్చునని తోచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ముందుగా పేరు సంగతి చెప్పుకొందము. యానోష్ అనునది హంగరీలో మిక్కిలి సామాన్యమైన పేరు. దీని మూలము హీబ్రూ భాషలోని యోహానాన్ అను మాట. దేవుడు కరుణించెనని దాని యర్థము. ఆ మాటయే గ్రీకు, లాటిను భాషల మీదుగా ఐరోపా అంతటను వ్యాపించి ఇంగ్లీషులో జాన్ అయినది. జర్మనులో యోహాన్, హాన్స్ అయినది. ఇటలీలో జొవాన్ని అయినది. మన తెలుగు బైబిలులోని యోహానును ఆ పేరే. హంగరీ ప్రజలు పుట్టినదినము వలెనే తమ పేరు దినమును గూడ వేడుకగా జరుపుకొందురు. పంచాంగములో ప్రతి పేరునకును ఒక దినము కేటాయింపబడి యుండును. డిసెంబరు 27వ తేదీ యానోషుల దినము. ఆ నాడు ఏ వీథిలోనైనను అభినందనలు అందుకొనువారు పలువురు ఉందురు.

పేరు చెప్పుకొను పద్ధతిలో హంగరీవారికిని మనకును ఒక పోలిక కలదు. ఇంగ్లీషువాడు, జర్మనువాడు, ఫ్రెంచివాడు తన పేరు ముందు చెప్పి వంశనామము వెనుక చెప్పును. హంగరీవాడు ఇంటిపేరు ముందు చెప్పి, తన పేరు తరువాత చెప్పును. ఐరోపాలో ఇది వింతయే గాని తెలుగువారికి వింత కాదు. అయితే ఆ దేశపు ఎల్ల దాటగానే ఆ పేరు తలక్రిందు లగును. తుదకు అసలు పేరును ఆ దేశపు భాషలోనికి మారిపోవును. మన పేర్లు ఇంగ్లీషు దస్తావేజులకు ఎక్కునప్పుడు ఇంటిపేరు ఒక పొడి అక్షరముగ కుదించుకొనిపోవుటయో, తోకవలె వెనుకకు జరుగుటయో మన మెరిగినదే గదా! కావున ఈ ప్రసంగములో మేము హంగరీవారి పేర్లను వారు చెప్పుకొను వరుసలోనే చెప్పుదుము. ఎవరి పేరు ఎక్కడ, ఏల మారినదో అప్పుడే మనకు స్పష్టముగ తెలియును.

ఇక ఆ గంట కథ. 1453వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపుల్ నగరమును గైకొనిన తురుష్క సుల్తాను రెండవ మెహ్మద్, మూడేండ్లకు, అనగా 1456 జూలైలో, బెల్‌గ్రేడ్ కోటను ముట్టడించెను. నేడు సెర్బియా రాజధానియైన ఆ నగరము నాడు హంగరీ రాజ్యమునకు దక్షిణద్వారము. అది పడిపోయినచో డాన్యూబు నది వెంట దేశము నడిబొడ్డునకు దారి తెరచుకొనినట్లే. దానిని కాపాడిన సేనాని హున్యాది యానోష్. రాజు బాలుడై యున్న కాలమున, 1446 నుండి 1453 వరకు, దేశమును ఏలిన రాజప్రతినిధియు అతడే. అతనికి తోడు వచ్చినవాడు ఇటలీ సన్న్యాసి, డెబ్బదియేండ్ల వృద్ధుడు. జొవాన్ని ద కపిస్ట్రానో అని అతని పేరు. హంగరీ ప్రజలు అతనిని కపిస్ట్రాన్ యానోష్ అని తమవానిగ చేసికొనిరి. అతని బోధకు కదలివచ్చినవారు కత్తి పట్టి యెరుగని రైతులు, విద్యార్థులు, చేతిపనివారు. హున్యాది తన పడవలతో నదిమీది తురుష్కుల అడ్డును ఛేదించి కోటలో ప్రవేశించెను. జూలై 22వ తేదీన సుల్తాను సైన్యము వెనుదిరిగెను.

మూడవ కలిక్స్టస్ పోపు ఆ యుద్ధమునకు ముందే, జూన్ మాసాంతమున, ప్రతి చర్చిలోను మధ్యాహ్నవేళ గంటలు మ్రోగించి రక్షణకై ప్రార్థింపవలసినదని ఆజ్ఞ యిచ్చియుండెను. విజయవార్త వ్యాపించిన పిమ్మట ఆ ప్రార్థనయే కృతజ్ఞతగ మారినది. ప్రమాదము ముంచుకొని రాగా మొదలైన గంట, ప్రమాదము గడచిన పిదప జయఘంటగ మిగిలినది. కాని ఆ జయమును అనుభవించుటకు ఇద్దరు యానోషులలో ఏ ఒక్కడును ఎక్కువకాలము బ్రతుకలేదు. శిబిరములో చెలరేగిన మహమ్మారి వలన ఆగస్టు 11వ తేదీన హున్యాది మరణించెను. అక్టోబరు 23వ తేదీన కపిస్ట్రాన్ మరణించెను. రెండేండ్లకు హున్యాది కుమారుడు మాత్యాష్ హంగరీకి రాజయ్యెను.

బెల్‌గ్రేడ్‌లో నిలిచిన అడ్డు అరువదియైదేండ్లు నిలిచి, తుదకు కూలినది. 1526 ఆగస్టు 29వ తేదీన మొహాచ్ యుద్ధములో హంగరీ సైన్యము నాశనమై, రాజు మరణించెను. అప్పుడు సింహాసనమునకు ఇద్దరు పోటీపడిరి. ఒకడు ఆస్ట్రియా రాజవంశపు ఫెర్డినాండ్. రెండవవాడు స్వదేశపు ప్రభువు సాపోయాయి యానోష్. తన పోటీదారును ఎదిరించుటకు అతడు తురుష్క సుల్తాను సులేమాను అండ కోరెను. ఒక యానోష్ ఏ శత్రువును తరిమికొట్టెనో, ఆ శత్రువు సంతతికే ఇంకొక యానోష్ నమస్కరింపవలసి వచ్చినది. ఇది ద్రోహమా, గత్యంతరము లేని రాజనీతియా అని చరిత్రకారులు వాదించుకొందురు. అతడు 1540 జూలైలో మరణించునప్పటికి కుమారునికి రెండు వారముల వయస్సు. ఆ శిశువు పేరును యానోషే, యానోష్ జిగ్మొండ్. మరుసటియేడే తురుష్కులు బుడా నగరమును ఆక్రమించుకొనిరి. దేశము మూడు ముక్కలైనది.

ఆ పసివాడు పెరిగి పెద్దవాడై తూర్పుభాగమైన ట్రాన్సిల్వేనియాకు ఏలిక అయ్యెను. మతము పేరిట ఐరోపా నెత్తురు కాల్వలు కట్టుచున్న దినములవి. అట్టి కాలమున, 1568వ సంవత్సరమున, అతని పాలనలో తోర్డా పట్టణమున కూడిన సభ, బోధకులు తమకు తోచిన తెరగున సువార్తను బోధింపవచ్చుననియు, అందుకై ఎవరిని బాధింపరాదనియు శాసనము చేసినది. అది సంపూర్ణమైన మతస్వేచ్ఛ అని చెప్పజాలము. ఆ దేశములోని ఆర్థడాక్సు క్రైస్తవులకు సరిసమాన స్థానము దొరకలేదు. అయినను ఆనాటి ఐరోపాలో అంతదూరము నడచిన రాజ్యములు అరుదు. తాత తరము కత్తితో కాపాడిన దేశములో ఈ యువకుడు మనస్సాక్షికి కొంత చోటు కల్పించెను.

రాజ్యము ముక్కలైన జాతికి భాషయే ఇల్లు అగును. హంగరీ భాషకు ఇరుగుపొరుగున నున్న జర్మను, స్లావు, రుమేనియను భాషలతో చుట్టరికము లేదు. మన భాషవలెనే ప్రత్యయములు ఒకదానివెనుక నొకటి చేర్చుకొని మాట పెరుగు భాష అది. చాలకాలము శాస్త్రమంతయు లాటినులోనే సాగినది. అట్టి కాలమున ట్రాన్సిల్వేనియానుండి హాలెండు పోయి చదువుకొనిన ఒక బీదవిద్యార్థి, తన తోటివారు పరభాషలో విద్య నేర్చుటకే సగము జీవితము వెచ్చించుచున్నారని బాధపడెను. అతని పేరు అపాత్సయి చెరె యానోష్. గణితము, ఖగోళము, ప్రకృతిశాస్త్రము, చరిత్ర మొదలగు విద్యలన్నిటిని హంగరీ భాషలో చెప్పు మొదటి విజ్ఞానసర్వస్వమును అతడు రచించెను. ఉట్రెక్ట్ నగరమున అచ్చైన ఆ గ్రంథముపై 1653 అను సంవత్సరము కనబడును. అచ్చు పూర్తియగునప్పటికి 1655 వచ్చినది. శాస్త్రపు మాటలు లేనిచోట అతడే మాటలు కూర్చుకొనవలసి వచ్చెను. స్వదేశమునకు తిరిగివచ్చి, ఉపాధ్యాయుడై, 1659లో ముప్పదినాలుగేండ్లకే మరణించెను.

ఆ బీజము రెండువందల యేండ్లకు ఫలించెనని చెప్పుటకు అరాన్య్ యానోష్ సాక్షి. అరాన్య్ అనగా బంగారము. 1817లో ఒక చిన్న పట్టణపు బీదకుటుంబమున పుట్టిన ఈ కవి, తోల్ది అను కథాకావ్యముతో 1840 దశకమున ఒక్కసారిగ దేశమంతటను ప్రసిద్ధుడయ్యెను. మహాకవి పెతోఫి షాందోర్ అతనికి ప్రాణమిత్రుడు. పెతోఫి 1845లో ప్రకటించిన కథాకావ్యమునకు నాయకుడు ఒక గొర్రెలకాపరి. అతని పేరును యానోషే. పల్లెవానికి పేరు పెట్టవలసివచ్చినప్పుడు కవికి తోచినది ఆ సామాన్యనామమే. 1848వ సంవత్సరపు స్వాతంత్ర్యసమరము ఓడిపోయి, పెతోఫి యుద్ధరంగమున మాయమైన పిమ్మట, అరాన్య్ మిగిలి, బాధను దిగమ్రింగి, భాషకు సేవ చేసెను. షేక్స్‌పియరు నాటకములు కొన్ని హంగరీ భాషలోనికి తెచ్చెను. వానిలో హామ్లెట్ ఒకటి. ఇంగ్లండు రాజు జాన్ కథ మరియొకటి. ఆ అనువాదములో జాన్ రాజు యానోష్ రాజు అయ్యెను. బయటిదేశపు పేరు ఒకటి ఈ భాషలోనికి వచ్చి స్థిరపడుట ఇచ్చట చూచుచున్నాము. ఎదురుదిక్కు ప్రయాణము ముందు రానున్నది.

ఆ శతాబ్దమునకే చెందిన ఇద్దరు యానోషులను ప్రక్కప్రక్కన నిలుపవలెనని మాకు తోచుచున్నది. ఒకని పనిని ప్రపంచమంతయు వెంటనే వాడుకొని, అతనిని మరచినది. మరియొకని పనిని ఎవరును గ్రహింపక, చనిపోయిన పిదప అతనిని పూజించినది.

మొదటివాడు ఇరిన్యి యానోష్. ఆనాటి అగ్గిపుల్లలు గీచినప్పుడు టపాకాయవలె ప్రేలి నిప్పురవ్వలు చిమ్మెడివి. వియన్నాలో చదువుచున్న ఈ యువకుడు పుల్ల తలకు పెట్టు మందులో పొటాసియం క్లోరేటునకు బదులు సీసము డయాక్సైడు వాడి, 1836లో చప్పుడు చేయక వెలుగు అగ్గిపుల్లను తయారుచేసెను. ఆ హక్కును వియన్నాలోని ఒక వ్యాపారికి స్వల్పమైన సొమ్ముకు అమ్మివేసెను. 1848 సమరములో దేశము పక్షమున తుపాకిమందు తయారీలో పనిచేసి, ఓటమి తరువాత చెరసాలను గూడ చూచెను. ఇంటింట దీపము వెలిగించు చేతులకు అతని పేరు తెలియదు.

రెండవవాడు బోయాయి యానోష్. 1802లో కొలొష్‌వార్ నగరమున పుట్టెను. తండ్రి బోయాయి ఫర్కష్ గణితాచార్యుడు. జర్మనీలోని గణితసార్వభౌముడు గౌస్‌కు విద్యార్థిదశనాటి మిత్రుడు. రెండువేల యేండ్లనాడు యూక్లిడ్ చెప్పిన ఒక సూత్రము తండ్రిని జీవితమంతయు వేధించినది. ఒక సరళరేఖయు, దాని వెలుపల ఒక బిందువును ఉన్నచో, ఆ బిందువు గుండా ఆ రేఖకు ఒకే ఒక సమాంతరరేఖను గీయవచ్చునని ఆ సూత్రపు తాత్పర్యము. దీనిని తక్కిన సూత్రములనుండి నిరూపింపవలెనని తరతరముల వారు ప్రయత్నించి విఫలులైరి. ఆ ఊబిలో దిగవద్దని, తన వెలుగును సంతోషమును అది మ్రింగివేసినదని తండ్రి కుమారునికి ఉత్తరము వ్రాసెను. సైన్యములో ఇంజనీరుగా నున్న కుమారుడు వినలేదు. అట్టి సమాంతరరేఖలు ఒకటికంటె ఎక్కువ గీయవచ్చుననుకొనినచో ఏమగునని అతడు ప్రశ్నించి చూచెను. వైరుధ్యము రాలేదు. రాకపోగా, తనంతతాను నిలువగల మరియొక జ్యామితి వెలువడెను. ఏమియు లేని చోటినుండి ఒక క్రొత్తలోకమును సృష్టించితినని 1823 నవంబరులో అతడు తండ్రికి వ్రాసెను.

1832లో వెలువడిన తండ్రి గ్రంథమునకు అనుబంధముగ ఆ పరిశోధన అచ్చైనది. ముప్పది పుటలకైన నిండని రచన అది. తండ్రి దానిని గౌస్‌కు పంపెను. గౌస్ ప్రత్యుత్తరము వచ్చినది. దీనిని మెచ్చుకొనుట తన్ను తాను మెచ్చుకొనుటయే యగుననియు, ఈ భావములు తన మనస్సులో ముప్పదియేండ్లకు పైగా నున్నవే యనియు, మిత్రుని కుమారుడే దీనిని సాధించుట తనకు సంతోషమనియు దాని సారాంశము. ఆ పెద్దవాడు ఆ యువకుని గొప్ప మేధావి యని ఇంకొక మిత్రునికి ఉత్తరము వ్రాసియుండెను గాని, లోకమునకు ఒక్కమాటయైనను చెప్పలేదు. యానోష్ గుండె విరిగినది. ఉద్యోగము విడిచి, అనారోగ్యముతో, తండ్రితో సరిపడక, కాలము గడపెను. రష్యాలో లొబచేవ్‌స్కీ అను పండితుడు తనకంటె ముందే ఇట్టి జ్యామితిని ప్రకటించెనని 1848లో తెలిసికొనెను. 1860 జనవరిలో మారొష్‌వాషార్‌హెయ్ పట్టణమున మరణించెను. వ్రాసి అచ్చువేయని కాగితములు వేలకొలది పుటలు మిగిలినవి.

ఆకాశము వంపు తిరిగియుండవచ్చునని ఇరువదవ శతాబ్దిలో ఐన్‌స్టీను చెప్పగలుగుటకు, యూక్లిడ్‌ను దాటి ఆలోచించిన ఇట్టివారి ధైర్యమే దారి తీసినది. నేడు చంద్రునిపై ఒక గుంటకు బోయాయి పేరున్నది. అతడు పుట్టిన నగరములోని విశ్వవిద్యాలయపు పేరులో అతని పేరున్నది. కాని అతని ముఖమెట్లుండెడిదో చెప్పగల నమ్మదగిన చిత్తరువు ఒక్కటియు లేదు. తపాలాబిళ్లపై అతనిదని అచ్చువేసిన ముఖమును అతనిది కాదని పరిశోధకులు తేల్చిరి. మిగిలినది పేరొక్కటే.

బోయాయి పుట్టిన ఊరును, మరణించిన ఊరును నేడు రుమేనియా దేశములో నున్నవి. అరాన్య్ పుట్టిన పట్టణమును అంతే. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1920 జూన్ 4వ తేదీన జరిగిన ట్రియానోన్ సంధివలన హంగరీ తన పూర్వపు భూభాగములో సుమారు మూడింట రెండు వంతులు కోల్పోయినది. మనుష్యులు కదలకయే సరిహద్దులు వారిమీదుగా కదలిపోయినవి. ఆ తరువాతి యానోషులు తామే సరిహద్దులు దాటిరి. పేర్లు మారుట అచ్చట మొదలైనది.

కొమారొమ్ పట్టణమున పెరిగిన షెయె యానోష్ వైద్యశాస్త్రము చదివి కెనడా చేరెను. 1936లో ఒక శాస్త్రపత్రికకు అతడు వ్రాసిన చిన్న లేఖ వైద్యలోకమున క్రొత్తదారి తెరచినది. చలియైనను, గాయమైనను, విషమైనను, శరీరము ఒకే తీరున ప్రతిస్పందించునని అతడు చూపెను. నేడు మనము ఆఫీసులోను, ఇంటిలోను మాటిమాటికి వాడు ఒత్తిడి అను భావమునకు శాస్త్రీయరూపము నిచ్చినవాడు అతడే. లోకము అతనిని హాన్స్ సెల్యే అని యెరుగును.

1903 డిసెంబరు 28న, యానోషుల దినమునకు మరునాడు, బుడాపెస్టులోని ఒక యూదు కుటుంబమున నోయ్‌మన్ యానోష్ పుట్టెను. ఇంటిలో అతని ముద్దుపేరు యాంచి. జర్మనీలో యోహాన్ అయ్యెను. అమెరికాలో జాన్ వాన్ న్యూమన్ అయ్యెను. క్వాంటం సిద్ధాంతమునకు గణితపు పునాది వేసెను. 1944లో మోర్గెన్‌స్టెర్న్ అను ఆర్థికవేత్తతో కలసి క్రీడాసిద్ధాంతమును గ్రంథరూపమున వెలువరించెను. 1945లో, ఆదేశములను సమాచారమును ఒకే జ్ఞాపకశక్తిలో నుంచుకొను కంప్యూటరు స్వరూపమును వర్ణించెను. నేడు మన బల్లలమీది యంత్రములు ఆ దారిలోనే నడచుచున్నవి. నాగసాకి నగరముపై పడిన అణుబాంబు నిర్మాణమునందును అతని గణితమున్నదని మరువరాదు. 1957లో ఏబదిమూడేండ్లకే అతడు క్యాన్సరుతో మరణించెను.

కెమేన్య్ యానోష్ అను పేరుగలవారు చరిత్రలో ఇద్దరు. మొదటివాడు 17వ శతాబ్దిలో తాతారుల చెరలో నుండి ఆత్మకథ వ్రాసి, విడుదలయై, ట్రాన్సిల్వేనియాకు రాజై, ఏడాది నిండిన వెంటనే 1662లో యుద్ధమున మడిసినవాడు. రెండవవాడు 1926లో బుడాపెస్టులో పుట్టి, యూదులపై కట్టుబాట్లు బిగియుచున్న దినములలో, 1940లో, తల్లిదండ్రులతో అమెరికా చేరి జాన్ కెమెనీ అయినవాడు. విద్యార్థులందరును కంప్యూటరును వాడగలుగవలెనని, 1964లో కర్ట్జ్ అను తోటి ఆచార్యునితో కలసి, బేసిక్ అను సులభమైన యంత్రభాషను రూపొందించెను.

నోయ్‌మన్ చదివిన పాఠశాలలోనే చదివినవాడు హర్షాన్యి యానోష్. 1944 నవంబరులో, యూదుడైనందున దేశాంతరపు శిబిరమునకు పంపుటకై రైలుస్టేషనుకు తీసికొనిపోగా, అతడు తప్పించుకొని, జెసూటు సన్న్యాసుల మఠపు నేలమాళిగలో తలదాచుకొనెను. యుద్ధానంతరము విశ్వవిద్యాలయమున పని దొరికినది గాని, క్రొత్తప్రభుత్వపు సిద్ధాంతమునకు ఒప్పనివాడగుట వలన అది నిలువలేదు. 1950లో కాబోయే భార్యతో అడ్డదారిని ఆస్ట్రియాలోనికి పారిపోయెను. ఆస్ట్రేలియాలో అతని పట్టమునకు విలువ లేక, పగలు కార్ఖానాలో కూలిపని చేయుచు, రాత్రులు మరల విద్యార్థియై చదివెను. నోయ్‌మన్ వేసిన పునాదిపై అతడు మేడ కట్టెను. ఎదుటివాని సంగతి పూర్తిగ తెలియనప్పుడు మనిషి ఎట్లు నిర్ణయించుకొనునను ప్రశ్నకు గణితముతో సమాధానము చెప్పెను. రహస్యముగ ఎల్ల దాటి ప్రాణము దక్కించుకొనినవానికి ఆ ప్రశ్న పుస్తకములోనిది మాత్రమే కాదు గదా! 1994లో అతనికి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము, మరి యిద్దరితో కలిపి, లభించినది. ఆ యిద్దరిలో ఒకడు జాన్ నాష్. ఒకే పేరుగలవారు ఇద్దరు ఒకే వేదికపై నిలిచిరి. ఒకనికి మాత్రమే ఆ పేరు పుట్టుకతో వచ్చినది కాదు.

విదేశమున పేరు మారినవారిని చూచితిమి. స్వదేశముననే పేరు మార్చుకొని ఏలినవాడొకడు కలడు. 1912లో, నాడు హంగరీ రాజ్యములో నుండిన ఫియూమె రేవుపట్టణమున, బొర్బాలా అను పనికత్తెకు ఒక బిడ్డ పుట్టెను. అచ్చటి భాష ఇటాలియను గనుక జొవాన్ని అని నమోదు చేసిరి. తల్లి ఇంటిపేరు చెర్మానిక్. హంగరీ నడుమకు వచ్చి యానోష్ అయ్యెను. రహస్య కమ్యూనిస్టు కార్యకర్తగ నున్నప్పుడు కాదార్ అను మారుపేరు పెట్టుకొనెను. కాదార్ అనగా పీపాలు చేయువాడు. 1951లో తన పక్షపు ప్రభుత్వమే అతనిని చెరసాలలో పెట్టెను, 1954లో విడిచెను. 1956 అక్టోబరులో ప్రజలు తిరుగబడినప్పుడు నాజ్ ఇమ్రె ప్రధానమంత్రి. కాదార్ యానోష్ ఆ ప్రభుత్వములో మంత్రి. నవంబరు 4వ తేదీన సోవియట్ టాంకులు బుడాపెస్టులో ప్రవేశించినప్పుడు, కాదార్ వాని అండతో క్రొత్తప్రభుత్వాధిపతి అయ్యెను. యుగోస్లావియా రాయబారకార్యాలయములో శరణు చొచ్చిన నాజ్ ఇమ్రెకు ఆపద కలుగదని వ్రాతమూలముగ హామీ యిచ్చెను. ఆ మాట నమ్మి బయటికి వచ్చినవానిని పట్టుకొనిపోయిరి. 1958 జూన్ 16వ తేదీన ఉరితీసిరి.

నాజ్ అనగా పెద్ద అని యర్థము. హంగరీలో అన్నింటికంటె ఎక్కువగ కనబడు ఇంటిపేరు అది. అంత సామాన్యమైన పేరును గూడ ఆ మృతునికి మిగులనీయలేదు. చెరసాల ఆవరణలో పూడ్చిన కళేబరమును 1961లో త్రవ్వితీసి, బుడాపెస్టు శ్మశానములో 301వ భాగమున మరల పూడ్చినప్పుడు, శ్మశానపు పుస్తకములో ఒక స్త్రీ పేరు వ్రాసిరి. కాదార్ పాలనలో తరువాతి కాలమున ప్రజలకు కొంత తెరపి, కొంత సుఖము కలిగినవని ఒప్పుకొనవలసినదే. 1988 వరకు అతడే దేశమునకు నాయకుడు. కాని ఆ పుస్తకములోని వ్రాత అతని పాలనకు అడుగున నుండెను. 1989 జూన్ 16న నాజ్ ఇమ్రెకు, ఆయన సహచరులకు, లక్షలాది ప్రజల యెదుట, వారి వారి పేర్లు బిగ్గరగ చదివి, అంత్యక్రియలు జరిపిరి. జూలై 6వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము నాజ్ ఇమ్రె నిర్దోషి యని తీర్పు చెప్పినది. కాదార్ యానోష్ ఆ దినముననే మరణించెను.

పేరు పోగొట్టుకొనినవారు ఇంకను కలరు. హంగరీ ఆచారము ప్రకారము వివాహితయైన స్త్రీ భర్త పేరు చివర ఒక ప్రత్యయము చేర్చుకొనెడిది. కొవాచ్ అనగా కమ్మరి. కొవాచ్ యానోష్ భార్యకు దస్తావేజులలో కొవాచ్ యానోష్‌నె అని పేరు. అనగా కొవాచ్ యానోష్ గారి భార్య యని మాత్రమే. ఆమె పుట్టింటివారు పిలిచిన పేరు అందులో ఒక్క అక్షరమైనను లేదు. చట్టము మారి, స్త్రీలు తమ పేరు తాము నిలుపుకొను వీలు కలిగినది గాని, పాతకాలపు సమాధిరాళ్లపై అట్టి పేర్లు నేటికిని కనబడును. యానోష్ అను పేరు చాటున నిలిచిన ఆ స్త్రీలను తలపక ఈ జాబితా ముగించుట న్యాయము కాదు. హర్షాన్యితో ఎల్ల దాటినదియు ఒక స్త్రీయే. కాదార్‌ను ఒంటరిగ పెంచి, అతనికి తన ఇంటిపేరు నిచ్చినదియు ఒక స్త్రీయే.

ఇంతమంది యానోషుల చరిత్ర చూచిన పిదప, పేరు మనిషిని చేయదని స్పష్టమైనది. రక్షించినవాడును, శరణన్నవానికి మాట తప్పినవాడును ఒకే పేరుగలవారు. కాని పేరును పోగొట్టుట మాత్రము చిన్న సంగతి కాదని గూడ అంత స్పష్టమైనది. అందువలననే కాబోలు, హంగరీవారు దూరమైన తమ పేర్లను మరల ఇంటికి తెచ్చుకొనుచున్నారు. బుడాపెస్టులోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము పేరు నోయ్‌మన్ యానోష్ సంఘము. జాన్ వాన్ న్యూమన్ సంఘము కాదు. డాన్యూబు ఆవలి ఒడ్డున, నేడు స్లొవేకియాలో నున్న కొమార్నో పట్టణమున, 2004లో స్థాపించిన విశ్వవిద్యాలయమునకు షెయె యానోష్ పేరు పెట్టిరి. ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక.

మావంటి రేడియో ఉద్యోగులకు ఇందులో ఒక పాఠము కలదు. విదేశవార్తలు మాకు ఇంగ్లీషులో వచ్చును. అందులోని పేర్లను ఇంగ్లీషువాడు పలికినట్లే పలుకుట మాకు సులభము. మైక్రోఫోను ముందు కూర్చుండి, తడుముకొనక, తప్పు పలికి ముందుకు సాగిపోయిన దినములు మాకును కలవు. శ్రోతలు మమ్ము ప్రశ్నింపరు. ఆ పేరుగలవాడు వినడు. అయినను, ఒక మనిషిని అతని తల్లి పిలిచినట్లు పిలుచుటకు ఒక్క నిమిషము ముందుగ విచారించి తెలిసికొనుట మా వృత్తిలో మొదటి మర్యాద యని ఈ యానోషులు మాకు నేర్పిరి. బుడాపెస్టులోని మా తోటి ఉద్యోగులు దినమునకు ఒక నిమిషము ఒక గంటకు ఇచ్చుచున్నారు. మేము ఒక పేరునకు ఆ మాత్రము ఈయలేమా?